సీసీఐఈ ల్యాబ్‌కి జడ్చర్లలనే ఉండి ప్రిపేర్ అవ్వొచ్చా? వర్క్‌బుక్ చేస్తే వస్తది, ప్రశ్న మారిస్తే ఆగిపోతున్న

జడ్చర్ల_పింగ్:

అన్నలకు అక్కలకు నమస్తే. నాది జడ్చర్ల, హైదరాబాద్‌ల ఒక కంపెనీల నెట్‌వర్క్ ఆపరేషన్స్ టీమ్‌ల చేస్తున్న, షిఫ్టులు ఉంటయ్, సగం రోజులు ఇంటి నుంచే పని. సిస్కో కంపెనీ పెట్టే నెట్‌వర్క్ పరీక్షల్ల ఎన్‌కోర్ పాస్ అయిన, ఎనార్సీ (రూటింగ్ పరీక్ష) కూడ అయింది, ఆ రెండిటితోని సీసీఎన్‌పీ సర్టిఫికెట్ వచ్చింది. ఇప్పుడు దాని పైమెట్టు సీసీఐఈ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ల్యాబ్ పరీక్ష రాద్దామని గట్టిగ అనుకున్న, గానీ ఎక్కడికెళ్ళి పట్టుకోవాల్నో సమజైతలేదు.

ముందుగాల పైసల సంగతి. ల్యాబ్ ఫీజే 1600 డాలర్లు, దానిమీద టాక్స్, బెంగళూరు పోవుడు రావుడు వేరే. ఇంట్ల నాయిన పత్తి, మొక్కజొన్న వేస్తడు, ఒక పంట పైసలు ఒక పరీక్షకు వోతయ్ అంటే నాకు నిద్ర పడ్తలేదు, అందుకే పోయేముందే సక్కగ తయారై పోవాలె అని.

అసలు ఇబ్బంది ఏందంటే వర్క్‌బుక్ ముందు పెట్టుకోని చేస్తే అన్నీ వస్తున్నయ్, ఓఎస్‌పీఎఫ్, బీజీపీ, డీఎంవీపీఎన్, ఎంపీఎల్‌ఎస్ అసొంటి రూటింగ్, వీపీఎన్ పద్ధతులు ఏదైనా సరే, అదే ప్రశ్నను కొంచెం అటు ఇటు మార్చి ఇస్తే చేతులు ఆగిపోతున్నయ్. అమీర్‌పేట్‌ల కోచింగ్‌కు పోవాల్నా, లేకపోతే ఇంట్లనే చేసుకోవచ్చా? ఇంట్ల చేస్తే ఎంత మెషీన్ కావాలె? టెలిగ్రామ్‌ల ఒకాయన "రియల్ ల్యాబ్ ఉంది, అచ్చం ఇదే వస్తది" అని పైసలు అడుగుతున్నడు, అది కొనొచ్చా? ఇంకోటి, డిజైన్ మాడ్యూల్ అంటే నాకు భయం, పదో తరగతి దాంక తెలుగు మీడియమే, పేజీలకు పేజీలు ఇంగ్లిష్ చదవాలె అంటున్నరు. ఎవరన్న రాసినోళ్ళు ఉంటే జర చెప్పుండ్రి.


పాలమూరు_రూటర్:

తమ్మీ, నాది మహబూబ్‌నగర్ టౌనే, ఇప్పుడు బెంగళూర్ల ఉంటున్న, ఈ ల్యాబ్ పాస్ అయినోన్నే. ముందు పరీక్ష ఎట్లుంటదో సక్కగ తెలుసుకో, సగం మంది అది తెల్వకనే వర్క్‌బుక్‌ల మీద పడ్తరు.

మొత్తం 8 గంటలు. మొదటి 3 గంటలు డిజైన్, అండ్ల నీకు రూటర్ కనిపియ్యదు, కమాండ్ కొట్టేది ఉండదు. ఒక కంపెనీ, దాని నెట్‌వర్క్ బొమ్మలు, వాళ్ళ మెయిళ్ళు, వాళ్ళకు ఏం కావాల్నో ఇస్తరు, అవి చదివి జవాబులు పెట్టుకుంట పోవాలె, ఒకసారి ముందుకు పోతే వెనకకు రానియ్యరు. దాని తర్వాత 5 గంటలు డిప్లాయ్, ఆపరేట్, ఆప్టిమైజ్, అసలు కన్ఫిగరేషన్ ఇక్కడ. రెండిట్లకెళ్ళి ప్రతి దాంట్ల కనీస మార్కులు దాటాలె, మళ్ళ రెండూ కలిపిన మొత్తం కూడ కటాఫ్ దాటాలె. అంటే కన్ఫిగ్‌ల పులి లెక్క ఉండి డిజైన్‌ల పడిపోయినా ఫెయిలే. నువ్వు డిజైన్‌కు భయపడుతున్నవ్ కదా, ఆ భయం మంచిదే, దానికి టైం కేటాయించు.

సిలబస్‌ల వాటా చూస్కో: నెట్‌వర్క్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ 30 శాతం, ఎస్‌డీ-యాక్సెస్, ఎస్‌డీ-వ్యాన్ (సాఫ్ట్‌వేర్ కంట్రోలర్‌తోని నడిపే నెట్‌వర్క్‌లు) ఉండే భాగం 25 శాతం, ట్రాన్స్‌పోర్ట్ 15, సెక్యూరిటీ సర్వీసెస్ 15, ఆటోమేషన్ 15. చాన మంది పాత పద్ధతిల రూటింగ్ ఒక్కటే రుద్దుతరు. ఎస్‌డీ భాగం 25, ఆటోమేషన్ 15 కలిపితే 40 శాతం, దాన్ని ఒదిలేస్తే రూటింగ్‌ల నూటికి నూరు తెచ్చుకున్నా గట్టెక్కవు.

ఇగ నీ అసలు ఇబ్బంది. వర్క్‌బుక్‌ల ప్రశ్న చదివి నీకు కమాండ్ గుర్తుకొస్తున్నది, గా కమాండ్ కొట్టినంక లోపల ఏం జరుగుతదో చూస్తలేవు. అందుకే ప్రశ్న మారితే ఆగిపోతున్నవ్. పని ఎట్ల చేయాల్నో చెప్తా ఇను. ఒక టాస్క్ అయిపోయినంక షో కమాండ్ కొట్టకముందే ఒక కాయితం మీద రాయి, ఈ రూటర్ల ఈ రూట్ ఏ ప్రోటోకాల్‌తోని, ఏ నెక్స్ట్ హాప్‌తోని, ఏ డిస్టెన్స్‌తోని (రూట్‌ను ఎంత నమ్మాల్నో చెప్పే నంబర్, తక్కువున్నదే గెలుస్తది) కనిపించాలె అని. తర్వాత షో ఐపీ రూట్ కొట్టి నువ్వు రాసిందానితోని పోల్చు. తేడా వచ్చిన కాడ ఆగు, అక్కడనే నీ చదువు ఉన్నది. తొందరపడి తర్వాతి టాస్క్‌కు పోకు.

ఇంకో సంగతి. ప్రశ్నలు చదివేటప్పుడు నిబంధనల మీద కండ్లు పెట్టు, "స్టాటిక్ రూట్ వాడొద్దు", "ఆర్3ల ఏం మార్చొద్దు", "ఇదివరకు ఉన్న ట్రాఫిక్ ఆగొద్దు", ఇసొంటియి. ఉదాహరణకు ట్రంక్ (చాన వీల్యాన్‌లు కలిసి పోయే లింక్) మీద వీల్యాన్ 30 కలుపు అన్నడనుకో, స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 30 అని కొడితే అప్పటిదాంక ఉన్న 10, 20 రెండూ ఎగిరిపోతయ్, 30 ఒక్కటే మిగుల్తది. నడుమ యాడ్ అన్న ముక్క ఉండాలె. ఆ టాస్క్ టెస్ట్ చేస్తే వీల్యాన్ 30 మంచిగనే నడుస్తది, నీకు అయిపోయింది అనిపిస్తది, గానీ వేరే టాస్క్‌లు రెండు పోయినయ్. అందుకే ఒక్కటి చేసినప్పుడల్ల పాతయి కూడ పింగ్ కొట్టి చూసే అలవాటు ఇప్పటికెళ్ళే చేసుకో.

కోచింగ్ వద్దని చెప్పను, అక్కడ నీలాంటోళ్ళు దొరుకుతరు, అడిగేటందుకు మనిషి ఉంటడు. గానీ సీసీఎన్‌పీ అయినోడివి, రోజూ ఉద్యోగంల నెట్‌వర్క్ చూసేటోడివి, ఇంట్ల చేసుకోవచ్చు. ఎన్‌కోర్ పాస్ అయిన తారీఖు నుంచి 3 ఏండ్లల్ల ల్యాబ్ రాయాలె, ఆ తారీఖు ఎక్కడన్న గోడ మీద రాసిపెట్టుకో.


నల్లగొండ_ప్యాకెట్:

పైనన్న చెప్పింది అంత కరెక్ట్. నేను మెషీన్ గురించి చెప్త, అది నాకు బాగ తెలుసు, మా ఇల్లు నల్లగొండ పక్కన పల్లెల, నేను అక్కడ కూసొనే ల్యాబ్ చేస్త.

తమ్ముడూ, ముందు కొత్త సర్వర్ కొనకు. 32 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్ లేకపోతే సెకండ్ హ్యాండ్ వర్క్‌స్టేషన్ దొరికితే చాలు, దాంట్ల ఈవ్-ఎన్‌జీ (కంప్యూటర్లనే ఉత్తుత్తి రూటర్లు నడిపే సాఫ్ట్‌వేర్) కమ్యూనిటీ ఎడిషన్ వేస్కో, అది ఫ్రీ. బయాస్‌లకు పోయి వర్చువలైజేషన్ ఆన్ చేయాలె, అది ఆఫ్ ఉంటే నోడ్‌లు, అంటే ఆ ఉత్తుత్తి రూటర్లు, లేవయ్, చాన మంది ఇక్కడనే ఆగి సాఫ్ట్‌వేర్ పాడైంది అనుకుంటరు. ఈవ్-ఎన్‌జీల ఇమేజ్‌లు (రూటర్ సాఫ్ట్‌వేర్ ఫైళ్ళు) రావు, మనమే పెట్టుకోవాలె, వాటికి సిస్కో లైసెన్స్ ఉండాలె. ఆ తలకాయ నొప్పి వద్దనుకుంటే సిస్కోదే సీఎంఎల్ పర్సనల్ తీస్కో, ఏడాదికి 199 డాలర్లు, ఇమేజ్‌లు దాంతోనే వస్తయ్, 20 నోడ్‌ల దాంక నడుస్తది. ఊరికే చూద్దాం అనుకుంటే 5 నోడ్‌ల ఫ్రీ వెర్షన్ కూడ ఉన్నది, ఒక్క ప్రోటోకాల్‌ను సక్కగ అర్థం చేసుకునేటందుకు 5 నోడ్‌లు మస్తు.

ర్యామ్ లెక్క ఎట్లుంటదంటే ఐఓఎస్‌వీ రూటర్ ఒక్కదానికి అర జీబీ సరిపోతది, సీఎస్‌ఆర్ అనే పెద్ద రకం అయితే ఒక్కదానికే 4 జీబీ దాంక అడుగుతది. అందుకే టోపాలజీ అంత సీఎస్‌ఆర్‌లతోని కట్టకు, అంచుల్ల రెండు మూడు పెట్టి మిగతాయి చిన్నయి పెట్టుకో. ఎస్‌డీ-వ్యాన్ కంట్రోలర్‌లు పెడితే మాత్రం మెషీన్ ఊపిరి ఆగుతది, వీమేనేజ్ ఒక్కటే 16 జీబీ దాంక గుంజుకుంటది, ఆ రోజు మిగతా ల్యాబ్‌లన్నీ ఆపి అదొక్కటే నడపాలె. ఇగ ఎస్‌డీ-యాక్సెస్‌కి కావల్సిన క్యాటలిస్ట్ సెంటర్ ఇంట్ల పెట్టుడు అయ్యే పని కాదు, దాని అప్లయన్స్‌కే 256 జీబీ ర్యామ్ ఉంటది. దానికోసం సిస్కో డెవ్‌నెట్ శాండ్‌బాక్స్ వాడు, ఫ్రీ, అకౌంట్ ఉంటే చాలు, క్యాటలిస్ట్ సెంటర్ స్క్రీన్‌లు ఎట్లుంటయో, ఏపీఐ కాల్ కొడితే ఏం తిరిగొస్తదో అక్కడ కండ్లార చూసుకోవచ్చు. ఆటోమేషన్‌కి పైథాన్, రెస్ట్‌కాన్ఫ్ కూడ ఆడనే ప్రాక్టీస్ అయితది.

కరెంట్ సంగతి కూడ చెప్త, మనకు ఇది ముఖ్యం. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం వస్తే కరెంట్ గ్యారెంటీగ పోతది. యూపీఎస్ లేకుండ ల్యాబ్ చేయకు. యూపీఎస్ ఉన్నా కూడ ప్రతి టాస్క్ అయినంక రైట్ మెమరీ కొట్టు, రన్నింగ్ కన్ఫిగ్ ఆరిపోతే మళ్ళ రాదు. పరీక్షల కూడ ఇదే అలవాటు పనికొస్తది, సేవ్ చేయని కన్ఫిగ్ ఉన్న రూటర్‌ను రీలోడ్ చేస్తే చేసిందంత వోతది. ఇంకా మెషీన్ పెట్టిన రూంల గాలి ఆడాలె, ఏప్రిల్, మే నెలల్ల మధ్యాహ్నం 20 నోడ్‌లు నడిపితే ప్రాసెసర్ వేడెక్కి స్లో అయితది, నోడ్ బూట్ కాకపోతే నువ్వు కన్ఫిగ్ మీద అనుమానపడ్తవ్. పొద్దుగాల చల్లగున్నప్పుడు పెద్ద ల్యాబ్, మధ్యాహ్నం చదువుడు పెట్టుకో, నీ షిఫ్టును బట్టి.


మిర్యాలగూడ_కన్సోల్:

టెలిగ్రామ్ దాని మీద ఎవరూ మాట్లాడలే కాబట్టి నేను చెప్తున్న. కొనకు. పరీక్ష ముందు నువ్వు కాన్ఫిడెన్షియాలిటీ అగ్రిమెంట్‌కు ఒప్పుకోని లోపలికి పోతవ్, లీకైన ప్రశ్నలు చదివి రాసినట్టు తేలితే రిజల్ట్ రద్దు చేసే హక్కు సిస్కోకు ఉంటది, ముందుముందు ఏ పరీక్షా రాయనియ్యకపోవచ్చు. మీ నాయిన పంట పైసలు అన్నవ్ కదా, ఆ పైసలు అట్ల పోవుడు కంటే అన్యాయం ఇంకోటి లేదు. పైంగ ఆ "రియల్ ల్యాబ్" తోని పాస్ అయి జాబ్‌కు పోతే, ఇంటర్వ్యూల బోర్డు మీద రెండు రూటర్లు గీసి "ఇక్కడ ఓఎస్‌పీఎఫ్ నైబర్ ఎక్స్‌స్టార్ట్ స్టేట్ల ఎందుకు ఆగింది?" అని అడుగుతరు. ఎమ్‌టీయూ (ఒక్క ప్యాకెట్‌కు ఉండే పెద్ద సైజు) రెండు వైపుల ఒక్కతీరుగ లేదని, డీబగ్‌ల అవతలోడి ఇంటర్‌ఫేస్ ఎమ్‌టీయూ పెద్దగున్నదని చూపెడ్తదని, ఊకె ఎమ్‌టీయూ ఇగ్నోర్ కొట్టకుండ ఎమ్‌టీయూనే సరిచేయాలె అని చేసినోడు వెంటనే చెప్తడు. పేపర్ కొన్నోనికి అది రాదు. నేను ఇంటర్వ్యూలు తీసుకుంట, ఒక్క నిమిషంల తెలిసిపోతది.


జడ్చర్ల_పింగ్:

అందరికీ చాన థ్యాంక్స్ అన్నా, అక్కా. టెలిగ్రామ్ గ్రూప్‌ల కెళ్ళి బయటికొచ్చేసిన. పాలమూరు అన్న చెప్పినట్టు కాయితం మీద రాసి చేద్దామని రీడిస్ట్రిబ్యూషన్ (ఒక ప్రోటోకాల్ రూట్‌లను ఇంకోదాంట్లకు తోలుడు) ల్యాబ్ నేనే సొంతంగ కట్టిన, వర్క్‌బుక్ లేకుండ. ఇప్పుడు ఒక దాని కాడ ఆగిన, చూడుండ్రి.

ఆర్1, ఆర్4, ఆర్2, ఆర్3 అనే రూటర్లు ఈఐజీఆర్‌పీల (ఓఎస్‌పీఎఫ్ లెక్కనే ఇంకో రూటింగ్ ప్రోటోకాల్) ఉన్నయ్, ఆర్4 నడుమల ఉండి మిగతా మూడిటికి కలుస్తది. ఆర్2, ఆర్3 రెండూ అవతల ఆర్5తోని ఓఎస్‌పీఎఫ్ నడుపుతయ్. ఆర్2లా, ఆర్3లా రెండు దిక్కులా రీడిస్ట్రిబ్యూట్ పెట్టిన. ఆర్1ల ఒక లూప్‌బ్యాక్ (రూటర్ లోపలి ఉత్తుత్తి ఇంటర్‌ఫేస్) ఉన్నది, 10.50.50.0/24, దాన్ని రీడిస్ట్రిబ్యూట్ కనెక్టెడ్‌తోని ఈఐజీఆర్‌పీలకు తోలిన. ఆర్5 కెళ్ళి దానికి ట్రేస్ కొడితే ఆర్2, ఆర్4, ఆర్3, మళ్ళ ఆర్5, మళ్ళ ఆర్2, ఇట్ల అవే నాలుగు అడ్రస్‌లు తిరుగుతున్నయ్, ఆర్1 రానే రాదు. విచిత్రం ఏందంటే ఒకసారి అన్ని రీలోడ్ చేస్తే ఆర్2 తప్పు దారి వడ్తది, ఇంకోసారి ఆర్3 వడ్తది. మిగతా రూట్‌లన్నీ మంచిగనే ఉన్నయ్, ఈ ఒక్క లూప్‌బ్యాక్‌కే ఇట్లయితున్నది. ఎందుకు?


పాలమూరు_రూటర్:

శభాష్ తమ్మీ, ఇది వర్క్‌బుక్‌ల పది టాస్క్‌లు చేసిన దానికంటే ఎక్కువ, దీన్ని ఒదలకు. నేను దారి చెప్త, నువ్వు ఒక్కొక్క రూటర్ల షో కొట్టుకుంట నాతోని నడువు.

లూప్‌బ్యాక్ ఈఐజీఆర్‌పీలకు బయటికెళ్ళి వచ్చిన రూట్, అంటే ఎక్స్‌టర్నల్, దాని డిస్టెన్స్ 170. మిగతా ఈఐజీఆర్‌పీ రూట్‌లు ఇంటర్నల్, వాటిది 90. ఓఎస్‌పీఎఫ్‌ది 110. ఇప్పుడు ఆర్2 ముందుగాల ఈ లూప్‌బ్యాక్‌ను ఓఎస్‌పీఎఫ్‌లకు తోలింది అనుకో, ఆర్3కి అదే ప్రిఫిక్స్ రెండు దిక్కుల కెళ్ళి వస్తది, ఆర్4 కెళ్ళి 170తోని, ఆర్5 కెళ్ళి 110తోని. 110 తక్కువ కాబట్టి ఆర్3 ఓఎస్‌పీఎఫ్‌దే పెట్టుకుంటది. 90 ఉన్న రూట్‌లకు ఈ గొడవ రాదు, 90 అంటే 110 కంటే తక్కువనే కదా, అందుకే మిగతాయి మంచిగున్నయ్ అంటున్నవ్. రీలోడ్ అయినంక ఎవరు ముందు తోలితే రెండోది తప్పు దారి వడ్తది, అందుకే ఒకసారి ఆర్2, ఒకసారి ఆర్3.

దీనితోని సుట్టు దారి ఒక్కటే అయితది, లూప్ ఎందుకైతుందో ఇక్కడ చూడు. ఆర్3ల ఇప్పుడది ఓఎస్‌పీఎఫ్ రూట్ కదా, నువ్వు ఓఎస్‌పీఎఫ్‌ను ఈఐజీఆర్‌పీలకు రీడిస్ట్రిబ్యూట్ పెట్టినవ్ కదా, కాబట్టి ఆర్3 దాన్ని మళ్ళ ఈఐజీఆర్‌పీలకే తోల్తది. ఆర్4కు ఇప్పుడు రెండు దారులు, అసలు ఆర్1ది, ఆర్3 చెప్పింది, రెండూ ఎక్స్‌టర్నలే, మెట్రిక్ తక్కువ ఉన్నది గెలుస్తది. లూప్‌బ్యాక్ ఇంటర్‌ఫేస్‌ది డిలే 5000 మైక్రోసెకన్లు, షో ఇంటర్‌ఫేస్ కొట్టి చూడు. ఆర్3ల నువ్వు సీడ్ మెట్రిక్ (రీడిస్ట్రిబ్యూట్ చేసేటప్పుడు మొదట ఇచ్చే మెట్రిక్) ఏం ఇచ్చినవ్, బహుశ డిలే 1 అని ఇచ్చుంటవ్, అంటే 10 మైక్రోసెకన్లు. ఇగ ఆర్4 ఆర్3నే నమ్ముతది. ఆర్4 పోయి ఆర్3, ఆర్3 పోయి ఆర్5, ఆర్5 పోయి ఆర్2, ఆర్2 మళ్ళ ఆర్4. నీ ట్రేస్‌ల ఉన్న నాలుగు అడ్రస్‌లు ఇవే.

దీనికి మందు ట్యాగ్, అంటే రూట్ మీద వేసే గుర్తు నంబర్. ఆర్2, ఆర్3 రెండిట్లా రూట్ మ్యాప్‌లు రాయి, ఈఐజీఆర్‌పీ కెళ్ళి ఓఎస్‌పీఎఫ్‌లకు పోయేటప్పుడు ట్యాగ్ 90 పెట్టు, ఓఎస్‌పీఎఫ్ కెళ్ళి ఈఐజీఆర్‌పీలకు వచ్చేటప్పుడు మొదటి వరుసల ట్యాగ్ 90 ఉన్నదాన్ని డినై చేయి, రెండో వరుసల మిగతాయి పర్మిట్ చేసి వాటికి ట్యాగ్ 110 పెట్టు, అవతలి రూట్ మ్యాప్‌ల అట్లనే 110ని డినై చేయి. పర్మిట్ వరుస మర్చిపోకు, అది లేకపోతే రూట్ మ్యాప్ అడుగున ఉన్న కనిపియ్యని డినై అన్నిట్ని ఆపుతది. ఇది పెట్టి ట్రేస్ కొట్టి ఏమొచ్చిందో ఇక్కడనే రాయి.


జడ్చర్ల_పింగ్:

అన్నా లూప్ పోయింది! సీడ్ మెట్రిక్‌ల డిలే 1 అనే ఇచ్చిన, కరెక్ట్‌గ చెప్పినవ్. ఆర్4 ఇప్పుడు ఆర్1కే పోతున్నది. గానీ ఆర్3 కెళ్ళి ట్రేస్ కొడితే ఇంకా ఆర్5, ఆర్2, ఆర్4, ఆర్1 అని సుట్టు తిరిగే పోతున్నది, నేరుగ ఆర్4కు పోతలేదు. కాయితం మీద నేను ఆర్4, ఆర్1 అని రాసిన. దీనికేం చేయాలె?


నల్లగొండ_ప్యాకెట్:

ఇక్కడ నన్ను చెప్పనియ్యుండ్రి, ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. ట్యాగ్ లూప్‌ను ఆపింది తమ్ముడూ, ఆర్3 మనసు మార్చలే, ఎందుకంటే ఆర్3ల ఇప్పటికీ 110, 170 పోటీనే నడుస్తున్నది.

చాన మంది ఆర్3ల డిస్టెన్స్ ఓఎస్‌పీఎఫ్ ఎక్స్‌టర్నల్ 171 అని కొట్టి అయిపోయింది అనుకుంటరు. ఈ లూప్‌బ్యాక్‌కు పనిచేస్తది నిజమే, 170 గెలుస్తది. గానీ రేపు ఆర్5 దిక్కు కెళ్ళి ఒక ఎక్స్‌టర్నల్ రూట్ వచ్చిందనుకో, ఆర్2 దాన్ని ఈఐజీఆర్‌పీలకు తోల్తది, ఆర్3కు ఆర్4 కెళ్ళి 170తోని వస్తది, ఆర్5 కెళ్ళి 171తోని వస్తది, ఇప్పుడు అదే రోగం ఇంకో దిక్కుకు తిరిగింది. ఇంకొంతమంది ఓఎస్‌పీఎఫ్‌ల డిస్ట్రిబ్యూట్ లిస్ట్ పెట్టి ట్యాగ్ 90 ఉన్నదాన్ని రూటింగ్ టేబుల్‌లకు రాకుండ ఆపుతరు. అది కూడ పనిచేస్తది, గానీ ఆర్3, ఆర్4 నడుమ లింక్ పడిపోయిన రోజు ఆర్3కు ఆ లూప్‌బ్యాక్‌కు దారే ఉండదు, ఆర్5 మీది కెళ్ళి పోయే దారి ఉన్నా నువ్వే మూసినవ్ కదా. ప్రశ్నల "లింక్ పోయినా రీచబిలిటీ ఉండాలె" అని ఒక్క వాక్యం ఉంటే మార్కులు అక్కడనే పోతయ్.

సరైన దారి ఇది. ఆర్3ల ఒక యాక్సెస్ లిస్ట్ రాసి దాంట్ల 10.50.50.0 పెట్టు. ఓఎస్‌పీఎఫ్ కింద డిస్టెన్స్ 171, తర్వాత ఆర్2 రూటర్ ఐడీ, వైల్డ్‌కార్డ్ 0.0.0.0, చివర్ల ఆ యాక్సెస్ లిస్ట్ నంబర్. ఓఎస్‌పీఎఫ్‌ల ఇక్కడ ఇచ్చే అడ్రస్ నెక్స్ట్ హాప్‌ది కాదు, ఆ రూట్‌ను పుట్టించిన రూటర్ ఐడీ, అది గుర్తుపెట్టుకో, ఆర్5ది ఇస్తే ఏం మారదు. ఇప్పుడు ఆ ఒక్క ప్రిఫిక్స్‌కే 171 అయితది, లింక్ ఉన్నన్ని రోజులు 170 గెలుస్తది, లింక్ పోతే 171 ఎక్కుతది. ఆర్2ల ఇదే ఆర్3 రూటర్ ఐడీతోని రాయి. పెట్టినంక ఆర్3ల ఆర్4 వైపు ఇంటర్‌ఫేస్ షట్ చేసి చూడాలె, షట్ చేయకుండ అయిపోయింది అనొద్దు.


అచ్చంపేట_ఆరెఫ్సీ:

డిజైన్ మాడ్యూల్ గురించి నేను చెప్త. నేను కూడ అచ్చంపేట సర్కారు బడిల తెలుగు మీడియంల చదివిన, ఆ భయం నాకు తెలుసు. అక్కడ అడిగేది ఇంగ్లిష్ కాదు తమ్మీ, ఆ కంపెనీకి ఏం కావాలె, ఏం వద్దు అన్నది పట్టుకునుడే. ఒక మెయిల్‌ల "వచ్చే ఏడాది బ్రాంచీలు పెరుగుతయ్" అంటరు, ఇంకో డాక్యుమెంట్‌ల "ఫలానా సైట్‌కు ఇంటర్నెట్ లింక్ ఒక్కటే" అంటరు, జవాబు ఆ రెండిటిని కలిపితేనే వస్తది. వెనకకు పోయేది లేదు కాబట్టి ప్రశ్నకు పోయేముందే డాక్యుమెంట్ సక్కగ చదవాలె.

సిస్కో వాలిడేటెడ్ డిజైన్ గైడ్‌లు ఫ్రీగ దొరుకుతయ్, ఎస్‌డీ-యాక్సెస్‌ది, ఎస్‌డీ-వ్యాన్‌ది తీస్కో, రోజూ కొన్ని పేజీలు చదివి పక్కకు తెలుగులనే రాసుకో, "ఈ డిజైన్ ఎందుకు పెట్టిండ్రు, వేరేది ఎందుకు పెట్టలే" అని. తెలుగుల ఆలోచిస్తే తప్పేం లేదు, జవాబు టిక్ పెట్టేది కంప్యూటర్లనే కదా. 3 గంటలు ఒక్క కాడ కూసోని ఇంగ్లిష్ చదివే అలవాటు మాత్రం చేసుకోవాలె, అది కండ్లకు, నడుముకు కొత్త.

ఇంకో ముచ్చట, డిప్లాయ్ మాడ్యూల్‌ల సిస్కో డాక్యుమెంటేషన్ చూడనిస్తరు, గూగుల్ ఉండదు, సొంత నోట్స్ లోపలికి రావు. అందుకే ఇప్పటికెళ్ళే గూగుల్ బంద్ చేసి సిస్కో సైట్‌ల కాన్ఫిగరేషన్ గైడ్‌లు మెనూల మీదికెళ్ళి వెతుకుడు నేర్చుకో, ఏ గైడ్ ఎక్కడుంటదో చేతులకే తెల్వాలె.


జడ్చర్ల_పింగ్:

నల్లగొండ అక్కా, డిస్టెన్స్ పెట్టిన, ముందు ఆర్5 అడ్రస్ ఇయ్యాలె అనుకున్న, నువ్వు చెప్పినంక ఆర్2 రూటర్ ఐడీ ఇచ్చిన. ఆర్3ల ఇప్పుడు 170తోని ఆర్4 దిక్కు పోతున్నది. షట్ చేస్తే రెండు మూడు పింగ్‌లు పోయి మళ్ళ ఆర్5 మీది కెళ్ళి వస్తున్నయ్. నో షట్ చేస్తే మళ్ళ ఆర్4కు వచ్చింది. కాయితం మీద రాసిందానితోని కలిసింది.

ఆఖరుగ ఒకటి, బెంగళూరుకు ముందురోజు పోవాల్నా, అదే రోజు పోవాల్నా? పరీక్షల టైం ఎట్ల పంచుకోవాలె?


పాలమూరు_రూటర్:

ముందురోజే పో. మహబూబ్‌నగర్‌ల పొద్దున వందేభారత్ ఎక్కితే మధ్యాహ్నానికి యశ్వంత్‌పూర్‌ల దిగుతవ్, రాత్రి ట్రైన్‌ల నిద్ర లేకుండ పోయి 8 గంటలు కూసోకు. సిస్కో ఆఫీస్ ఔటర్ రింగ్ రోడ్ దిక్కు, యశ్వంత్‌పూర్‌కు ఊరు దాటి అవతలి మూల, అందుకే రూం ఆఫీస్ పక్కనే తీస్కో, రైల్వే స్టేషన్ పక్కన కాదు, ఆ రోడ్డు మీద పొద్దున ట్రాఫిక్ ఎట్లుంటదో ఊహించలేవు. అడ్రస్, టైం, ఏ ఐడీ తేవాల్నో కన్ఫర్మేషన్ మెయిల్‌ల ఉంటది, ఐడీ మీద పేరు, బుకింగ్‌ల పేరు ఒక్కతీరుగ ఉన్నయో లేదో ఇప్పుడే చూసుకో, మనోళ్ళకు ఇంటిపేరు ముందు వెనక అయితే అక్కడ ఇబ్బంది.

5 గంటల మాడ్యూల్‌ల మొదటి అరగంట కీబోర్డ్ ముట్టకు, టాస్క్‌లన్నీ ఒకసారి చదువు. ఏది దేని మీద ఆధారపడ్డదో గీస్కో, కింద లేయర్ 2 కాకుండ పైన బీజీపీ చేస్తే రెండుసార్లు చేయాల్సొస్తది. ఒక టాస్క్ 15 నిమిషాలల్ల కదలకపోతే మార్కు పెట్టి ముందుకు పో, దాని మీద వేరే టాస్క్‌లు ఆధారపడ్తయా అన్నది ఒక్కటే చూసుకో. ఆఖరి ముప్పావుగంట కొత్త టాస్క్ మొదలువెట్టకు, అన్ని రూటర్లల్ల సేవ్ చేసి, మొదటి టాస్క్ కెళ్ళి మళ్ళ పింగ్‌లు, ట్రేస్‌లు కొట్టుకుంట రా.

ఇంట్ల పూర్తి 8 గంటల మాక్ చేసినవా ఇంకా? చేయకపోతే డేట్ బుక్ చేయకముందే చేయి, ఇంట్లోళ్ళకు చెప్పి ఫోన్ వేరే రూంల పెట్టి. నల్లగొండ చెల్లె దగ్గర బ్రేక్ చేసిన టోపాలజీలు ఉన్నయ్ అన్నది ఒకసారి, అడుగు.


నల్లగొండ_ప్యాకెట్:

ఉన్నయ్, నేనే కట్టినయి, వేరేటోళ్ళ పేపర్ కాదు. సీఎంఎల్‌ల టోపాలజీ రాసున్న యామల్ ఫైల్ పంపిస్త, ఒక్కోదాంట్ల రెండు మూడు తప్పులు దాచిపెట్టిన, ఏవో చెప్పను. తమ్ముడూ మొదటిది డీఎంవీపీఎన్‌ది, టన్నెల్ లేస్తది, కొంచెం సేపటికి పడ్తది, మళ్ళ లేస్తది. టన్నెల్ డెస్టినేషన్‌కు పోయే రూట్ ఎక్కడికెళ్ళి నేర్చుకున్నదో అక్కడ మొదలువెట్టు. దొరికినంక ఇక్కడనే రాయి.